సెడేలియాలో ఆగిన బస్సు

ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకి మార్లో బాల్‌రూమ్ వేదిక మీద కోర్డెల్ మేబ్రీ పియానో ముందు కూర్చుని, పియానో వైపు తప్ప అన్ని వైపులా చూస్తున్నాడు. ముఖ్యంగా హోజియా ప్రూయెట్ వైపు చూస్తున్నాడు. హోజియా ముందు వరసలో కుర్చీని వెనక రెండు కాళ్ల మీదికి వాల్చి, శాక్సఫోన్‌ని ఒళ్లో పసిపిల్లలా పడుకోబెట్టుకుని, న్యూస్‌పేపర్ పొట్లంలోంచి పొగలో కాల్చిన పక్కటెముక ఒకటి తీసి చీకుతున్నాడు. ఇంకో అరగంటలో పధ్నాలుగు మంది బతుకులు తన వేళ్ల మీద ఆధారపడతాయని అతనికి తెలియదా అంటే, తెలుసు. తెలిసే తింటున్నాడు. కోర్డెల్‌కి ఒళ్లు మండిపోతున్నది.

వేదిక పక్కన చిన్న బల్ల వేసుకుని రేడియో కంపెనీ మనిషి స్ట్రాండ్ కాగితాలు తిరగేస్తున్నాడు. సన్నటి మనిషి, సన్నటి మీసం, మాట కూడా సన్నమే. బల్ల మీద చెవులకి తగిలించుకునే ఇయర్‌ఫోన్లు, ఒక గడియారం, వేలెడంత స్విచ్చు ఉన్నాయి.

“అన్నీ ఇక్కడ రాసినట్టే వాయిస్తారు గదా, మేబ్రీ?”

“రాసినట్టే సార్.”

“మధ్యలో లేచి నిలబడి వాయించేవాళ్లు కూడానా?”

“వాళ్ల వంతులు కూడా రాశాం సార్. ప్రతి స్వరం కాగితం మీదుంది.”

“మంచిది. కాగితం మీద లేనిది చెవిన పడిందా, ఈ స్విచ్చు నొక్కేస్తాను. తర్వాత మీ దారి మీది.”

ఆ దారి ఎక్కడికో కోర్డెల్‌కి బాగా తెలుసు. ఇవాళ్టి అరగంట ప్రసారం పరీక్ష. నెగ్గితే పదమూడు ఆదివారాలు రేడియో లైను వాళ్లది. కాన్సాస్ సిటీలో వాయించింది డెన్వర్ నుంచి పిట్స్‌బర్గ్ దాకా వినపడుతుంది. విన్న ఊళ్లన్నీ పిలుస్తాయి. ఓడితే రేపటికి బ్యాండే ఉండదు. ఇద్దరు ట్రంపెట్ వాళ్లు, ఒక ట్రాంబోన్ అతను, నిలువెత్తు బేస్ ఫిడేలు వాయించే ముసలి గారెట్, ఈ నలుగురి కోటు జేబుల్లోనూ షికాగోలో ఒక పెద్ద మాస్టారు పంపిన టెలిగ్రాములున్నాయి. సోమవారం లోగా జవాబు చెప్పమన్నాడు. లైను వస్తే ఉంటాం, రాకపోతే వెళ్తాం అని నలుగురూ మొహం మీదే చెప్పారు. దాచి మోసం చేయలేదు, అది వాళ్ల మంచితనం. కానీ ఆ నలుగురూ పోతే మిగిలేది బ్యాండు కాదు, చావు ఇంట్లో మిగిలిన చుట్టాలు.

ఈ కాగితాల గొడవ జనవరిలో మొదలైంది. రేడియో కంపెనీలకీ పాటల హక్కుల సంఘానికీ చెడింది. సంఘం పుస్తకంలో పేరున్న ఏ పాటా రేడియోలో మోగడానికి వీల్లేదు. మోగితే జరిమానా. అందుకని కంపెనీలు భయపడి, రాయని పాట అసలు వాయించవద్దన్నాయి. ఎవడో లేచి తన వంతు వాయిస్తూ వాయిస్తూ సంఘం పాట ముక్క ఒకటి మధ్యలో దూర్చేస్తే? అందుకని అప్పటికప్పుడు పుట్టేది కూడా రెండు రోజుల ముందే రాసి చూపించాలట! పుట్టబోయే బిడ్డకి ముందే పళ్లు లెక్కపెట్టమన్నట్టుంది.

తెల్లవాళ్ల పెద్ద పెద్ద బ్యాండ్లకి ఇది తలనొప్పి మాత్రమే. నల్లవాళ్లదైన కోర్డెల్ బ్యాండుకి ఇది గొంతు మీద కత్తి. వీళ్లు సగం పాటలు కాగితం లేకుండానే వాయిస్తారు. ఒకడు చిన్న ముక్క అందుకుంటాడు, పక్కవాడు దానికి జవాబిస్తాడు, మూడోవాడు కిందినుంచి పట్టు వేస్తాడు, వారం తిరిగేసరికి అది పాటైపోతుంది. అడిగితే “తలకాయలో ఉంది” అంటారు. హోజియాకైతే కాగితం మీద స్వరం చదవడమే రాదు. ఉత్తరాలు చదువుతాడు, వార్తలు చదువుతాడు, స్వరం చదవలేడు. ఈ సంగతి బ్యాండులో అందరికీ తెలుసు. బయటివాళ్లకి తెలియకుండా కోర్డెల్ అతని ముందు కూడా ఒక కాగితం పెట్టిస్తాడు. ఒకసారి ఆ కాగితం తలకిందులుగా ఉన్నా హోజియా గంటసేపు దాన్నే చూస్తూ వాయించాడు.

దానికి తోడు హోజియాకి ఒక పాడు అలవాటుంది. అందరూ ప్రాణం పెట్టేదీ ఆ అలవాటుకే. తన వంతు వాయిస్తూ హాలంతా కలయజూస్తాడు. లావుపాటి పోలీసు కనబడితే చిన్నపిల్లల పాట ముక్క వేస్తాడు. కొత్త జంట కనబడితే పెళ్లి బాజా ముక్క వేస్తాడు. పాస్టరు గారి అబ్బాయి సారా వాసనతో ఊగుతూ వస్తే, చర్చి కీర్తన ముక్క ఎంత భక్తిగా వాయిస్తాడంటే, ఆ పిల్లవాడు తలుపు వెతుక్కోవాల్సిందే. జనం పడీ పడీ నవ్వుతారు. జనం డాన్సుకి ఎంత వస్తారో, ఇవాళ హోజియా ఎవరిని ఏమంటాడో వినడానికీ అంతే వస్తారు.

అందుకే కోర్డెల్ వారం రోజులు నిద్ర మానుకుని, హోజియా ఎలా వాయిస్తాడో తలుచుకుంటూ అతని వంతు తనే రాశాడు. కోర్డెల్ భార్య ఇడెల్లా దాన్ని శుభ్రంగా ఎత్తిరాసింది. బ్యాండులో ప్రతి కాగితం ఆమె చేతిమీదుగానే వెళ్తుంది. ఆ కాగితం చూసి హోజియా అడిగాడు.

“ఏంటిదిరా?”

“ఆదివారం నువ్వు వాయించాల్సిన వంతు.”

“ఆదివారం నేనేం వాయిస్తానో నాకే తెలీదు, నీకెట్టా తెలిసింది?”

“రాశాను. ఇడెల్లా పాడి వినిపిస్తుంది, నేర్చుకో.”

“ఓహో. పన్లోపని నా కలలు కూడా రాసిపెట్టరా. పడుకునే బాధ తప్పుద్ది.”

డ్రమ్ముల వెనకనుంచి టాలివర్ అందుకున్నాడు. ఆరున్నర అడుగుల మనిషి, నోట్లో నువ్వుగింజ నానదు. “ఈయన కలలు రాస్తే ఆ స్ట్రాండ్ దొర సగం కొట్టేస్తాడు మాస్టారూ. మిగతా సగం ఇంటికి పట్టుకెళ్తాడు.”

అందరూ నవ్వారు. కోర్డెల్ నవ్వలేదు. ఇంకో కాగితం తీసి టాలివర్ డ్రమ్ము మీద పెట్టాడు. ప్రసారంలో ఎవరు కాగితం తప్పితే వాళ్లు ఆ రోజే బ్యాండులోంచి బయటికి. అందరూ సంతకం పెట్టాలి.

హోజియా నెమ్మదిగా చదివాడు. “ఎవరు తప్పినా అంతేనా?”

“ఎవరైనా సరే.”

“నువ్వైనా?”

“నేనైనా.”

“అయితే పెన్నిటివ్వు.” సంతకం పెట్టి, కోర్డెల్ కళ్లలోకి ఒక్క క్షణం చూసి, పెన్ను ఇడెల్లా చేతికిచ్చాడు.

ఆ చూపు కోర్డెల్‌ని అప్పటినుంచీ వదల్లేదు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, హోజియా ఎప్పుడు కళ్లెత్తి చూసినా కోర్డెల్‌కి ఎనిమిదేళ్ల కిందటి సంగతి గుర్తుకొస్తుంది.

కోర్డెల్ ఓక్లహోమావాడు, మస్కోగీలో పుట్టాడు. తల్లి చర్చిలో వాయించేది. పధ్నాలుగో ఏట గుడారాల్లో నాటకాలాడే వాళ్ల వెంట వెళ్లిపోయాడు. మూకీ బొమ్మల కింద పియానో వాయించాడు. బొమ్మలకి మాటలొచ్చి అతని నోట్లో మట్టి పడ్డాక, హోజియా ఉన్న బ్యాండులో చేరాడు. ఆ బ్యాండు మాస్టారు ఒక రాత్రి టొపీకాలో పెళ్లయిన ఒకావిడతో పారిపోయాడు. పొద్దున్నే పదకొండు మంది బస్సు పక్కన నిలబడి ఒకరి మొహం ఒకరు చూసుకుంటున్నారు. అప్పుడు ఇరవయ్యారేళ్ల కోర్డెల్ బస్సు మెట్టెక్కి, “నాతో ఎవరొస్తారు?” అన్నాడు. మొదట లేచిన చెయ్యి హోజియాది. ఆ చెయ్యి లేవకపోతే మిగతావి లేచేవి కావు.

ఆ ఏడాదే, పంతొమ్మిది వందల ముప్పైమూడు ఆగస్టులో, సెడేలియా దగ్గర మొక్కజొన్న చేను పక్కన బస్సు ఇరుసు విరిగింది. ఆరు గంటలు ఎండలో పడిగాపులు. దాహం, చిరాకు, ఒకరినొకరు కరవడానికి సిద్ధంగా ఉన్నారు. అప్పుడు హోజియా గట్టు మీద కూర్చుని శాక్సఫోన్ తీసి, మూడు పొట్టి స్వరాలూ ఒక పొడుగు స్వరమూ వాయించాడు. మళ్లీ వాయించాడు. మళ్లీ. బస్సు కదలకుండా మొరాయించినట్టే ఉంది ఆ నాలుగో స్వరం. టాలివర్ నవ్వి రేకు డబ్బా మీద తాళం వేశాడు. పొద్దుగుంకేసరికి పాట తయారైంది. వాళ్లే దానికి ‘సెడేలియాలో ఆగిన బస్సు’ అని పేరు పెట్టారు. ఆ రోజు నుంచి ఏ ఊళ్లో వాయించినా మొదలు అదే, ముగింపు అదే. బ్యాండు పేరు మర్చిపోయినవాళ్లు కూడా ఆ నాలుగు స్వరాలు ఈలవేస్తారు.

పాటలు అచ్చేసేవాళ్ల మనిషి వచ్చి ఇది ఎవరు కట్టారని అడిగినప్పుడు, కోర్డెల్ “నేను” అన్నాడు. అంతే. ఒక్క మాట. బ్యాండు మాస్టార్లందరూ చేసే పనే అది. బ్యాండులో పుట్టిన దూడని మాస్టారి కొట్టంలోనే కట్టేయాలనేవాళ్లు. ఇడెల్లా ఆ కాగితం మీద భర్త పేరు రాసింది. రాసేముందు “హోజియాది కదా?” అంది. “రాయి” అన్నాడు కోర్డెల్. ఆమె రాసింది, మళ్లీ ఆ మాట ఎత్తలేదు. హోజియా కూడా ఎత్తలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఎత్తకపోవడమే కోర్డెల్‌ని తేలు కుట్టిన దొంగని చేసింది.

సంఘం పుస్తకంలో ఆ పాట కోర్డెల్ మేబ్రీ పేరు మీద ఉంది కాబట్టి, ఇవాళ రేడియోలో కోర్డెల్ మేబ్రీ దాన్ని వాయించకూడదు. దాని బదులు కొత్త వరస ఒకటి కట్టాడు. అది చప్పగా ఉంది. ఉన్నా సరే, కాగితం మీదుంది.

నాలుగు గంటలకి వేదిక పక్కన ఎర్రబల్బు వెలిగింది.

మొదటి పాట గీత గీసినట్టు పోయింది. రెండోది కూడా పోయింది. హాల్లో ఆరువందల మంది ఉంటారు, ఆదివారం బట్టలు, నూనె రాసి అణిచిన జుట్లు, అద్దంలా మెరిసే బూట్లు. వాళ్లు డాన్సు చేస్తూనే ఉన్నారు గానీ చెవులు రిక్కించి ఉన్నారు. ఏదో తక్కువైందని వాళ్లకి అర్థమవుతోంది. స్ట్రాండ్ ఇయర్‌ఫోన్లు తగిలించుకుని, ఎడమచేతి వేలితో కాగితం మీద స్వరం వెంట స్వరం జరుపుకుంటూ, కుడిచేతిని స్విచ్చు పక్కనే ఉంచాడు. గుడ్డు కోసం కాచుకున్న పాములా కదలకుండా ఉన్నాడు.

మూడో పాటలో హోజియా వంతు వస్తుంది. సరిగ్గా అతను లేవబోయే ముందు హాలు తలుపు తెరుచుకుని లూసిల్ వచ్చింది. హోజియాని ఏడాది కిందట వదిలేసి వెళ్లిన భార్య. ఒంటరిగా రాలేదు. శవపేటికలు అమ్మే వైట్‌లో అనే బక్కపల్చటి మనిషి చెయ్యి పట్టుకుని వచ్చింది.

హాలంతా ఒక్కసారి గుసగుసలతో నిండిపోయింది. డాన్సు చేసేవాళ్లు ఆగి వేదిక వైపు తిరిగారు. ఎవడో వెనకనుంచి “పట్టుకో హోజియా!” అని అరిచాడు. శవపేటికల వైట్‌లో మీద హోజియా ఏ ముక్క వేస్తాడో కోర్డెల్‌కి కూడా తెలుసు. శ్మశానం దారిలో ఊదే ఆ పాట సంఘం పుస్తకంలో లేకపోవచ్చు. కానీ కాగితం మీద లేదు, అదే చాలు.

హోజియా లేచాడు. లూసిల్‌ని చూశాడు. శాక్సఫోన్ నోట్లో పెట్టుకున్నాడు. కోర్డెల్ చేతులు వాయిస్తున్నాయి గానీ కళ్లు హోజియా మీదే ఉన్నాయి. వద్దురా, వద్దు, నీ కాళ్లు పట్టుకుంటాను, వద్దు.

హోజియా రాసింది రాసినట్టు వాయించాడు.

ఒక్క స్వరం తప్పలేదు. ఇడెల్లా పాడి వినిపించి నేర్పినది నేర్పినట్టే బయటికొచ్చింది. కళ్లు గట్టిగా మూసుకుని వాయించాడు. కణతల మీద చెమట కారుతోంది. జనం కాసేపు కాచుకున్నారు, తర్వాత ఒకడు “హోజియాకి జ్వరమొచ్చిందిరోయ్!” అన్నాడు. లూసిల్ వైట్‌లో భుజం మీద చెయ్యేసి డాన్సులోకి దిగింది. హోజియా కూర్చున్నాడు, కళ్లు తెరవలేదు. ఎంత కష్టమైన పని చేశాడో కోర్డెల్‌కి తెలిసింది. తను రాసిన ఆ వంతు ఎంత చచ్చు సరుకో కూడా తెలిసింది.

నాలుగో పాట అయిపోయింది. అయిపోయింది! గడియారంలో ఇంకా నలభై సెకన్లే. అనౌన్సర్ మైకు దగ్గరికి జరిగాడు. ఇక అతను నాలుగు ముక్కలు చెప్పడం, కింద కొత్త వరస నెమ్మదిగా వాయించడం, ఎర్రబల్బు ఆరడం, అంతే. పదమూడు ఆదివారాలు తమవే. కోర్డెల్ భుజాలు వారం తర్వాత మొదటిసారి కిందికి దిగాయి.

“కాన్సాస్ సిటీ నుంచి, మార్లో బాల్‌రూమ్ నుంచి, మీరింతసేపూ వింటున్నది…” అన్నాడు అనౌన్సర్.

ఎనిమిదేళ్లుగా ఏ హాల్లోనైనా ముగింపు మాటలు ఈ తీరులోనే మొదలవుతాయి. ఈ మాటలు పడగానే కోర్డెల్ చేతులు వాటంతట అవే ఒక పని చేస్తాయి. ఇప్పుడూ చేశాయి. మూడు పొట్టి స్వరాలు, ఒక పొడుగు స్వరం.

కంచే చేను మేసింది.

కోర్డెల్ తన చేతుల వైపు చూసుకున్నాడు. పధ్నాలుగు మందినీ సంతకాలతో కట్టేసి, ప్రతివాడి వేళ్ల మీదా నిఘా పెట్టి, తన వేళ్లని మాత్రం మర్చిపోయాడు. స్ట్రాండ్ తల పైకి లేచింది. అతని వేలు స్విచ్చు మీదికి వెళ్లింది. నాలుగో స్వరం ఇంకా పియానోలో మోగుతోంది. ముందుకు పోతే సెడేలియా, వెనక్కి పోవడానికి దారి లేదు.

అప్పుడు శాక్సఫోన్ వినపడింది. హోజియా లేచి, ఆ నాలుగో స్వరాన్నే పట్టుకుని లాగాడు. మెల్లగా కిందికి జార్చి, పక్కకి తిప్పి, సెడేలియా వైపు వెళ్లకుండా ఇంకెటో తీసుకుపోయాడు. అది కాగితం మీద లేదు, ఏ పుస్తకంలోనూ లేదు, అప్పటిదాకా ఈ భూమ్మీదే లేదు. రెండు ఊపిరుల్లో దాన్ని తెచ్చి కొత్త వరస గుమ్మంలో నిలబెట్టాడు. టాలివర్ కర్ర ఎత్తాడు, బ్యాండంతా అందులోకి దిగింది. ఆ చప్పటి వరస ఆ ఒక్కసారి మాత్రం బాగుంది. స్ట్రాండ్ వేలు స్విచ్చు మీదే ఉండిపోయింది, నొక్కలేదు. ఎర్రబల్బు సమయానికి ఆరింది.

జనం చప్పట్లు కొడుతుంటే స్ట్రాండ్ ఇయర్‌ఫోన్లు తీసి, కాగితాలు పట్టుకుని, వేదిక వెనకున్న ఇరుకు గదిలోకి రమ్మని సైగ చేశాడు. కోర్డెల్ వెళ్లాడు. పిలవకపోయినా హోజియా వెళ్లాడు. గుమ్మంలో టాలివర్, గారెట్, మిగతావాళ్లు మూగారు. ఇడెల్లా మూల బల్ల దగ్గర సిరాబుడ్డికి మూత పెడుతూ ఉంది.

“చివర్లో నేను విన్నదేమిటి?” అన్నాడు స్ట్రాండ్. “సంఘం పాటలోని నాలుగు స్వరాలు. ఆ తర్వాత నా కాగితంలో లేని శాక్సఫోన్. ఎవరు మొదలుపెట్టారు?”

హోజియా ఒక అడుగు ముందుకేశాడు.

“నేనే సార్,” అన్నాడు హోజియా.

“నాకు పియానోలా వినపడింది.”

“నేను సైగ చేశాను. మాస్టారు నా సైగ చూసి అందుకున్నారు. తప్పు నాది.”

స్ట్రాండ్ ఊపిరి వదిలాడు. చెడ్డవాడేం కాదు, ఇంటికి తొందరగా వెళ్లాలనుకునేవాడు. అందరూ సంతకాలు పెట్టి తనకి పంపిన కాగితం ఫైల్లోంచి తీశాడు. “నీ షరతే ఉంది గదా, మేబ్రీ. తప్పినవాణ్ని తీసేశానని కింద రాసి సంతకం పెట్టు. తప్పు సరిదిద్దారని నేను రాసుకుంటాను. వచ్చే ఆదివారం నాలుగింటికి కలుద్దాం.” పెన్ను కోర్డెల్ చేతికిచ్చాడు.

కోర్డెల్ పెన్ను తీసుకున్నాడు.

గుమ్మంలోని నలుగురూ అతని చేతినే చూస్తున్నారు. వాళ్ల జేబుల్లో టెలిగ్రాములున్నాయి. ఒక్క సంతకం పెడితే వాళ్లుంటారు, బ్యాండుంటుంది, డెన్వర్ నుంచి పిట్స్‌బర్గ్ దాకా కోర్డెల్ మేబ్రీ పేరుంటుంది. హోజియా కూడా ఒప్పుకున్నాడు గదా! తనంతట తానే అన్నాడు గదా! పెన్ను ములుకు కాగితానికి ఆనింది, అక్కడ చిన్న చుక్క పడి పెద్దదైంది. కోర్డెల్ ఇడెల్లా వైపు చూశాడు. ఆమె చూడలేదు. బిగిసిన మూతనే మళ్లీ మళ్లీ బిగిస్తోంది. హోజియా మాత్రం తిన్నగా చూస్తున్నాడు. కోపం లేదు, బతిమాలడం లేదు. ఎనిమిదేళ్లుగా చూస్తున్న చూపే.

కోర్డెల్ పెన్ను బల్ల మీద పెట్టాడు.

“ఇతను సైగ చెయ్యలేదు సార్. ఆ నాలుగూ నా చేతులే వాయించాయి. నేను మునిగిపోతుంటే ఇతను చెయ్యందించాడు.”

“మేబ్రీ,” స్ట్రాండ్ గొంతు తగ్గించాడు, “అతను ఒప్పుకున్నాడు. నీకు లైను కావాలా, అక్కర్లేదా?”

“కావాలి సార్. చచ్చేంత కావాలి.”

“మరి?”

“ఇంకో సంగతి కూడా ఉంది. ఆ పాట సంఘం పుస్తకంలో నా పేరు మీదుంది. అది నాది కాదు. హోజియా కట్టాడు. సెడేలియా దగ్గర, మొక్కజొన్న చేను గట్టు మీద. నేను నాదని చెప్పుకున్నాను.”

“అది నేను వినాల్సిన సంగతి కాదయ్యా.”

“తెలుసు సార్. మావాళ్లు వినాలి.”

స్ట్రాండ్ ఫైలు మూసి తాడు కట్టాడు. “తప్పింది మాస్టారే అయితే, ఆయన్ని తీసేశాక బ్యాండే మిగలదు, నేను రాసుకోడానికీ ఏమీ లేదు. లైను పోయింది. తెలివితక్కువ పని చేశావు.” టోపీ పెట్టుకుని గుంపు మధ్యనుంచి దారి చేసుకుని వెళ్లిపోయాడు.

 గారెట్ ముసలాయన జేబులో చెయ్యి పెట్టి టెలిగ్రాము ఉందో లేదో తడుముకుని, సిగ్గుపడి చెయ్యి తీసేశాడు.

“ఎందుకు నీ మీదేసుకున్నావురా?” అన్నాడు కోర్డెల్.

“నువ్వేం చేస్తావో చూద్దామని.”

“సంతకం పెట్టేసుంటే?”

“పెట్టేసుంటే చూసుండేవాణ్ని,” అన్నాడు హోజియా. “ఎనిమిదేళ్లు పట్టిందిరా నీకు ఆ ఒక్క ముక్క చెప్పడానికి. నేనైతే ఆరు గంటల్లో పాటే కట్టాను.”

“నన్ను ఏం చెయ్యమంటావో చెప్పు.”

“చేసేదేముంది. నాదన్నావు గదా? అయితే ఇకనుంచి వాయించాలంటే నన్నడుగు. ఈ గదిలో కాదు, జనం ముందు. ఇవాళ అడుగు, రేపు అడుగు, ఎప్పుడు వాయించినా అడుగు. ఇష్టమైతే సరే అంటా, లేకపోతే లేదు.”

“రేపు బ్యాండుంటే గదా అడగడానికి,” అని గొణిగాడు గుమ్మంలో ఎవడో.

“రేపు సోమవారం,” అన్నాడు టాలివర్. “ఇవాళ ఆదివారం. ఆరింటిదాకా డాన్సుంది. అక్కడ జనం కుర్చీలు విరగ్గొడుతున్నారు. పదండి.”

నిజమే, హాల్లో కాళ్లతో నేల తన్నుతున్నారు. మూడు తన్నులు పొట్టిగా, ఒకటి పొడుగ్గా. వాళ్లకి రేడియోతో పనిలేదు. ఈ హాల్లో మొదట వినాల్సినది ఇవాళ వినలేదు, అది కావాలి.

అందరూ ఎవరి చోట్లలో వాళ్లు కూర్చున్నారు. ఇడెల్లా వేదిక మెట్ల దాకా వచ్చి నిలబడింది. వెళ్లిపోబోయే నలుగురూ కూడా వాద్యాలు చేతికి తీసుకున్నారు. కోర్డెల్ పియానో దగ్గర కూర్చోకుండా మైకు ముందుకి వెళ్లాడు. ఎనిమిదేళ్లలో అతను మైకులో ‘నా పాట’ అని ఎన్నిసార్లు అన్నాడో అతనికే తెలియదు.

“మీరడుగుతున్న పాట,” అన్నాడు, “హోజియా ప్రూయెట్ కట్టాడు. నేను కాదు. ఇన్నాళ్లూ నాదని చెప్పాను. అబద్ధం చెప్పాను.”

నేల తన్నడం ఆగిపోయింది. లూసిల్ కూడా వైట్‌లో భుజం మీదినుంచి చెయ్యి తీసింది.

కోర్డెల్ వెనక్కి తిరిగాడు. “హోజియా, నీ పాట వాయించమంటావా?”

హోజియా జేబురుమాలు తీశాడు. శాక్సఫోన్ మూతి తుడిచాడు. మెడ తుడుచుకున్నాడు. పక్కటెముక తిన్న వేళ్లని ఒక్కొక్కటిగా తుడుచుకున్నాడు. ఆరువందల మంది ఊపిరి బిగబట్టారు. టాలివర్ ఎత్తిన కర్రలు ఎత్తినట్టే ఉన్నాయి. కోర్డెల్ చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అనలేదు.

“వినపళ్లేదు,” అన్నాడు హోజియా.

హాల్లో ఎవరూ నవ్వలేదు. కోర్డెల్ గొంతు సవరించుకుని, ఈసారి చివరి వరసకి వినపడేలా అడిగాడు. “హోజియా, నీ పాట. వాయించమంటావా?”

హోజియా రుమాలు మడిచి జేబులో పెట్టుకుని లేచి నిలబడ్డాడు.

“కూచో,” అన్నాడు. “ఆ నాలుగు స్వరాలు నువ్వే మొదలెట్టు. ఈసారి కావాలని వాయించు.”

కోర్డెల్ కూర్చున్నాడు. కళ్లు మసకబారి పియానో మెట్లు కనపడలేదు. చేతులకి దారి తెలుసు కాబట్టి వాయించాడు.